గులాబీ రంగు కాక్‌పిట్

బస్సు డిపోలో ముప్ఫై మూడేళ్ళపాటు స్పీడోమీటర్లు బాగుచేశాడు కనక ఆయన్ని అందరూ మీటర్ల మేస్త్రి అనేవారు. రిటైరై మూడేళ్ళయినా ఆ పేరు ఆయన్ని వదల్లేదు. కింద ఇస్త్రీ దుకాణం ఉన్న మేడలో మూడో అంతస్తు ఆయనది. రెండు గదులు, ఒక వంటిల్లు. ముందు గదిలో కిటికీ పక్కన ఒక బల్ల. ఆ బల్ల మీద నాలుగు నెలలుగా ఒకటే పని సాగుతోంది. ఒక జెట్ విమానం నమూనాకి కాక్‌పిట్ కడుతున్నాడు. విమానం మొత్తం కలిపి మూరెడు పొడవు. కాక్‌పిట్ అయితే సబ్బుబిళ్ళంత కూడా ఉండదు. అందులోనే ముందొకటి వెనకొకటి రెండు సీట్లు, రెండు మీటర్ల పలకలు, రెండు కంట్రోల్ కర్రలు, పక్క గోడలకి ముప్ఫై దాకా మీటలు.

చేతినిండా పని ఉన్నవాడికి ఒంటరితనం ఏమిటని ఇస్త్రీ ఆయన అంటుంటాడు. ఆయనకేం, రోజంతా వచ్చేపోయే జనం. పైన ఈ మనిషి పొద్దున లేచాక నోరు తెరిచి మొదటి మాట మాట్లాడేసరికి ఒక్కోరోజు మధ్యాహ్నం దాటుతుంది. అదీ ఎవరితో? కిందపడ్డ పట్టకారుతో. ‘ఎక్కడికి పోయావే’ అంటాడు. భార్య పోయి నాలుగేళ్ళు.

ఆ విమానాన్ని ఆయన ఊరికే ఎంచుకోలేదు. భార్యకి అన్నగారొకాయన ఉన్నారు. పైలట్. ఇదిగో, ఈ రకం విమానంలోనే వెనక సీట్లో కూర్చుని పంతొమ్మిదేళ్ళు కొత్తవాళ్ళకి ఎగరడం నేర్పారు. ఇప్పుడు ఆయనకీ డెబ్భై దగ్గర పడ్డాయి, బస్సులో నాలుగు గంటల దూరంలో ఉంటారు. ఒకప్పుడు ఈ ఇంటికి నెలకోసారి వచ్చి, చెల్లెలి చేతి టీ తాగి, బల్ల మీది విమానాల్లో తప్పులు పట్టి, మేస్త్రితో సాయంత్రం దాకా వాదించి వెళ్ళేవారు. చెల్లెలు పోయిన మూడో రోజున ఆ రాకపోకలు ఆగిపోయాయి.

ఆమెకి ఊపిరితిత్తుల జబ్బు. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికే చేయి దాటిపోయింది. మూడు నెలల ముందు వచ్చి ఉంటే ఏదైనా చేసేవాళ్ళమని డాక్టరు అన్నాడు. ఆ మాట అన్నగారి గుండెల్లో దిగబడిపోయింది. చెల్లెలి బట్టలు సర్దుతుంటే ఆయనకి అరలో ఆరు రుమాళ్ళు దొరికాయి. ముదురాకుపచ్చ రుమాళ్ళు, వాటి నిండా ఉతికినా పూర్తిగా పోని నెత్తుటి మరకలు. వాటిని గుప్పిట్లో పట్టుకుని ముందు గదిలోకి వచ్చారు. ‘ఇవి ఉతికిందెవరు?’ అని అడిగారు. ఆ శీతాకాలమంతా ఇంట్లో బట్టలు ఉతికింది మేస్త్రే. ఆ సంగతే చెప్పాడు.

“నెలల తరబడి నెత్తురు ఉతుకుతూ కూర్చున్నావు. డాక్టరు దగ్గరికి వెళ్దామని ఒక్కసారైనా అనిపించలేదా నీకు?” అన్నారు బావగారు.

మేస్త్రి తల వంచుకున్నాడు. అంతే, బావగారు సంచి తీసుకుని మెట్లు దిగిపోయారు. ఆ తరవాత ఉత్తరం లేదు, ఫోను లేదు.

అసలు సంగతి ఏమిటంటే, మేస్త్రికి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదు. పుట్టుకతోనే అంతే. ముదురాకుపచ్చ రుమాలు ఆయన కంటికి మట్టిరంగు. దాని మీద నెత్తుటి మరక కూడా మట్టిరంగే. తడిసిన గుడ్డ మీద అక్కడక్కడ కాస్త నలుపు కనిపిస్తే టీ మరక అనుకున్నాడు, సబ్బు రాసి పిండి ఆరేశాడు.

ఈ లోపాన్ని బళ్ళో ఉన్నప్పట్నుంచి కడుపులో దాచుకున్నాడాయన. డిపోలో చేరేటప్పుడు కళ్ళ పరీక్ష పెట్టారు. రంగు చుక్కల మధ్య అంకెలు చదవాలి. ముందు వరసలో ఉన్నవాడు గట్టిగా చదువుతుంటే విని బట్టీ పట్టి, తన వంతు రాగానే అవే అంకెలు అప్పజెప్పి గట్టెక్కాడు. ముందున్నవాడు ఒక అంకె తప్పు చదివాడు, ఈయన కూడా శ్రద్ధగా అదే తప్పు చదివాడు. ఉద్యోగం చేసినంతకాలమూ తీగలు రంగు చూసి కలపలేదు, చోటు చూసి, లెక్క చూసి కలిపాడు. ఆయన చేతిలో ఒక్క మీటరూ తప్పు చూపలేదు. కానీ సంగతి బయటపడితే ఉద్యోగం ఊడుతుందన్న బెదురు మాత్రం ఒక్కరోజూ పోలేదు.

పెళ్ళయిన వారానికే భార్య కనిపెట్టేసింది. టమాటాలు తెమ్మంటే కిలో పచ్చికాయలు ఏరి ఏరి తెచ్చాడు, పైగా బాగా పండినవే తెచ్చానని గొప్ప చెప్పాడు. ఆమె నవ్వీ నవ్వీ గోడకి చేరగిలబడింది. నవ్వు ఆగాక ఆయన మొహం చూసి సంగతి గ్రహించింది. ఎవరికీ చెప్పొద్దని బతిమాలాడు. ముఖ్యంగా మీ అన్నయ్యకి చెప్పొద్దన్నాడు. ఏటేటా కళ్ళ పరీక్ష నెగ్గి ఆకాశంలో ఎగిరే మనిషి ముందు తనకి తలకొట్టేసినట్టుంటుందని. ఆమె ఆయన నెత్తి మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ ఒట్టు తప్పలేదు. ఆ ముప్ఫై ఒక్క ఏళ్ళూ ఆయనకి రంగులన్నీ ఆమె నోటివెంటే తెలిశాయి. ఏ చొక్కా మీదికి ఏ ప్యాంటు, మాంసం ఉడికిందా లేదా, సాయంత్రం ఆకాశం ఎలా ఉంది, అన్నీ ఆమే. విమానాలకి వేసే రంగు సీసాల మూతల మీద పేర్లు రాసి పెట్టింది కూడా ఆమే. సీసాలు సొరుగులో నిలబెట్టి ఉంచితే పైనుంచి కనిపించేది మూతే కదా, అందుకని మూతల మీద రాసింది.

మరి బావగారు నిలదీసిన రోజున ఆ ఒక్క మాట చెప్పేయొచ్చు కదా అంటారు. చెప్పేవాడే. కానీ ఎదురుగా భార్య ఖాళీ మంచం. ఆ నిమిషంలో నా కళ్ళు మంచివి కావు బావా అంటే వినేవాడికి అది సాకులా ఉంటుంది. ఇంకోటి కూడా ఉంది. అప్పటికింకా ఉద్యోగం ఏడాది మిగిలి ఉంది. భార్య పోయి మూడు రోజులు కాలేదు, ఉద్యోగం గుర్తొచ్చింది మనిషికి. అలా గుర్తొచ్చినందుకే తనని తాను ఇప్పటికీ క్షమించుకోలేదు.

కాబట్టి ఈ కాక్‌పిట్ దేనికోసమో చెప్పక్కర్లేదు. ఆమె గురించి మాట్లాడుకోవడానికి ఈ లోకంలో మిగిలింది ఆ ఒక్క మనిషి. ఆయన మళ్ళీ ఈ మెట్లెక్కి రావాలి. ఊరికే రమ్మంటే రారు. తన విమానం పేరు చెబితే ఆగలేరు.

మొదట ఒక ఉత్తరం రాశాడు. కుశలప్రశ్నలు లేవు, పద్నాలుగు ప్రశ్నలు ఉన్నాయి. వెనక సీటు ముందు సీటు కంటే ఎంత ఎత్తు, ఇంధనం మీటరు ఏ పక్క, చక్రాలు దించే మీట పిడి ఏ ఆకారం, గోడలకి లోపల ఏ రంగు. పదిహేను రోజులకి అదే కాగితం తిరిగొచ్చింది. వెనకవైపు అంకెలు వేసి పద్నాలుగు జవాబులు. ‘ఎలా ఉన్నావు’ అన్న ముక్క లేదు, కింద సంతకం లేదు. ఆరో జవాబు: ‘నీలం కలిసిన లేతాకుపచ్చ. ఎక్కువసేపు చూసినా కళ్ళకి శ్రమ ఉండదని.’ ఆ కాగితాన్ని మేస్త్రి ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు.

పని మొదలుపెట్టాడు. ఎదురుగా భూతద్దం, కుడిపక్క దీపం, ఊపిరి బిగబట్టి కూర్చోవడం. కొనుక్కొచ్చిన విమానం కిట్‌లోని సీట్లు మొద్దుగా ఉన్నాయని చెక్కి పారేసి, పల్చటి ప్లాస్టిక్ రేకుతో కొత్తవి కట్టాడు. టూత్‌పేస్ట్ గొట్టం కోసి, లోపలి రేకుని సన్నటి పీలికలు చేసి, సీటు బెల్టులు వేశాడు. ప్లాస్టిక్ పుల్లని కొవ్వొత్తి సెగ మీద మెత్తబరిచి లాగితే దారమంత సన్నగా సాగుతుంది. దాన్ని ముక్కలుగా కోస్తే మీటలు. వంద కోస్తే ఎనభై ఎగిరి ఎక్కడో పడతాయి, మిగతా ఇరవై పనికొస్తాయి. మీటర్ల పలక దగ్గరికి వచ్చేసరికి పాత మేస్త్రి బయటికొచ్చాడు. గుండుసూది తలంత మీటరు, అందులో ముల్లు, పైన అద్దంలా మెరవడానికి ఒక్క చుక్క వార్నిష్. విమానం నేల మీద ఆగి ఉన్నట్టు కడుతున్నాడు కాబట్టి వేగం ముల్లు సున్నా మీదే ఉండాలి. ఎవరు చూడొచ్చారని అడగొద్దు. ఆగిన బండి వేగం చూపిస్తే ఆ మీటరు ఆయన చేతిదే కాదు.

అంతా అయ్యాక రంగు. అదుగో, అక్కడ వచ్చి పడింది చిక్కు.

భార్య పోయాక ఆయన రంగు సీసాలు ముట్టుకోలేదు. ఈ నాలుగేళ్ళలో చేసినవన్నీ రంగు వెయ్యకుండా ప్లాస్టిక్ రంగులోనే వదిలేసిన నలుపు విమానాలు, బూడిదరంగు విమానాలు. ఇప్పుడు సొరుగు తీస్తే ఏడు సీసాలకీ మూతలు బిగుసుకుపోయి ఉన్నాయి. బేసిన్‌లో వేడినీళ్ళు పోసి ఏడింటినీ అందులో నిలబెట్టాడు. మూతలు వదులయ్యాయి. ఒక్కోటి తీసి, అంచులకి పట్టిన రంగు గీకి, చిక్కబడ్డవాటిలో నాలుగు చుక్కలు థిన్నర్ వేసి కలిపాడు. ఆ హడావిడిలో మూతలన్నీ ఒక గుడ్డ మీద కుప్పపడ్డాయి.

తెలుపు, నలుపు, వెండి, పసుపు, నీలం. ఈ అయిదింటికీ మూతలు తడుముకోకుండా పెట్టాడు. రెండు సీసాలు మిగిలాయి, రెండు మూతలు మిగిలాయి. ఒక మూత మీద ఆమె చేతిరాతలో ‘నీలం-లేతాకుపచ్చ’. రెండో దాని మీద ‘గులాబీ’. అది ఆమె తన కుట్టు డబ్బాకి వేసుకోవడానికి కొనుక్కున్నది. రెండు సీసాల్లోనూ ఉన్నది ఆయన కంటికి బూడిదరంగు. ఒకదాన్ని మించి ఒకటి బూడిద. కిటికీ దగ్గర ఎత్తి చూశాడు. కాగితం మీద చెరో చుక్క పెట్టి చూశాడు. కళ్ళల్లో ఒత్తులు వేసుకుని చూశాడు. వాసన కూడా చూశాడు పాపం.

“ఇందులో పచ్చది ఏదే?” అన్నాడు వంటింటి వైపు తిరిగి.

అనేశాక తెలిసింది. వంటింట్లో కుళాయి కింద గిన్నె ఉంది, ఇంకేం లేదు. ఆయన అలాగే కాసేపు చేతిలో సీసాతో కూర్చున్నాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు. చూసేవాళ్ళెవరున్నారు గనక?

కిందికి మూడంతస్తులు దిగి ఇస్త్రీ ఆయనకి చూపిస్తే ఒక్క మాటతో తేలిపోయేది. ఆ ఒక్క మాట అడగడమే చేతకాలేదు. యాభై ఏళ్ళ అలవాటు అడ్డం పడింది. ఇస్త్రీ ఆయనకి తెలిస్తే వీధి మొత్తానికి తెలుస్తుంది, బస్సు మీటర్లు ఇన్నాళ్ళూ ఈ కళ్ళతో చేశాడా అంటారు. అననీ, ఇప్పుడు పోయేదేముంది? ఏమీ లేదు. అయినా దిగలేదు. తనే ఒక సీసా ఎంచుకుని, బాగా చిక్కగా ఉన్నది ఎక్కువ కాలం వాడనిదే అయి ఉంటుందని, అది కుట్టు డబ్బాదేనని తర్కం చేసుకుని, రెండోదానికి పచ్చ మూత పెట్టాడు.

తర్కం బాగానే ఉంది. రంగే తప్పు. రెండు రోజులు కూర్చుని, తల వెంట్రుకంత కుంచెతో, ఎక్కడా గీత దాటకుండా, పైలట్లకి ఎగరడం నేర్పిన విమానం లోపలి గోడల్ని ఆయన గులాబీ రంగుతో నింపాడు. ఆ మీదట రంగు తుడిచేసిన పొడి కుంచెతో అంచుల మీద వెండి మెరుపు అద్దాడు. అంత చక్కటి పని జన్మలో చెయ్యలేదని తనకే అనిపించింది. నిజమే కూడా.

అప్పుడు రెండో ఉత్తరం రాశాడు. కాక్‌పిట్ పూర్తయిందని, విమానం రెండు సగాలనీ వచ్చే ఆదివారం అతికించేస్తున్నానని, అతికించాక లోపలిది మళ్ళీ ఎవరికీ సరిగా కనిపించదని, చూడాలనుకుంటే ఈలోగానే చూడాలని. అందులో అబద్ధం లేదు. నమూనాలు కట్టేవాళ్ళందరి గతీ అంతే, నెలల తరబడి చేసిందంతా అతికించిన రోజున లోపలికి పోతుంది. జవాబు రాలేదు. శుక్రవారం గడిచింది. శనివారం పొద్దున పదకొండింటికి మెట్ల మీద బరువుగా, ఆగి ఆగి వేస్తున్న అడుగులు వినిపించాయి. మేస్త్రి తలుపు తీసి నిలబడ్డాడు.

బావగారు బాగా తగ్గిపోయారు. చేతిలో సంచి. గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, మంచం ఉండే చోటికి చూసి, చూపు తిప్పుకున్నారు. ‘ఏదీ?’ అన్నారు. అంతే. మేస్త్రి కుర్చీ జరిపాడు, భూతద్దం చేతికిచ్చాడు, గుడ్డ కప్పి ఉంచిన పళ్ళాన్ని ఆయన ముందు పెట్టి గుడ్డ తీశాడు.

ఆయన వంగి చూశారు. చాలాసేపు చూశారు. మేస్త్రి పక్కన నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు. చక్రాల మీట, సీటు బెల్టులు, సున్నా మీద ఉన్న ముల్లు, ఒక్కోటీ వేలితో చూపిస్తూ చెబుతున్నాడు. నాలుగేళ్ళలో అన్ని మాటలు ఒక్కసారిగా ఆయన నోట రాలేదు. చివరికి బావగారు భూతద్దం బల్ల మీద పెట్టారు. మొహం ఎర్రబడిపోయింది. ఆ ఎరుపు మేస్త్రికి కనిపించదు కదా, గొంతు విన్నాకే తెలిసింది.

“ఆ రోజు నేనన్న మాటలకి ఇదా నువ్విచ్చే జవాబు? నాలుగు గంటలు ప్రయాణం చేయించి వెక్కిరిస్తావా నన్ను?”

మేస్త్రి గబగబా పళ్ళెం మీదికి వంగాడు. ఎక్కడ తప్పు పోయింది? వెనక సీటు ఎత్తా? ఇంధనం మీటరా? అడిగాడు. ఆయన వినిపించుకోలేదు. పంతొమ్మిదేళ్ళు ప్రాణం అరచేతిలో పెట్టుకుని కూర్చున్న చోటుని ఇలా ఆడపిల్ల బొమ్మరిల్లు చేసి చూపించడానికి చేతులెలా వచ్చాయని గొణుగుతూ లేచి, సంచి భుజానికి తగిలించుకుని తలుపు దాకా వెళ్ళారు. ఆ తలుపు దాటితే ఇక రారు. ఆ సంగతి మేస్త్రికి తెలుసు. రంగు గురించే అంటున్నారని కూడా అప్పటికి అర్థమైంది. రెండు మూతలు కళ్ళ ముందు కదిలాయి.

భార్యని తప్ప ఇంకో మనిషిని ఎన్నడూ అడగని ప్రశ్న అది. అడగడానికి చాలా కష్టపడ్డాడు.

“బావా, నేను వేసింది ఏ రంగు?”

తలుపు గొళ్ళెం మీద ఉన్న చెయ్యి ఆగిపోయింది. బావగారు వెనక్కి తిరిగి ఆయన మొహంలోకి చూశారు. వెక్కిరింత కోసం వెతికారు, దొరకలేదు. వెనక్కొచ్చి బల్ల మీదున్న రెండు సీసాలూ మూతలు తీసి పక్కపక్కన పెట్టారు. ఏది ఏదో చెప్పమన్నారు. రెండూ ఒకటే నాకు, అన్నాడు మేస్త్రి. ఎప్పట్నుంచి అంటే పుట్టినప్పట్నుంచి అన్నాడు. చెల్లికి తెలుసా అంటే పెళ్ళయిన వారానికే తెలుసన్నాడు. నేనే ఒట్టు వేయించుకున్నాను మీకు చెప్పొద్దని, అన్నాడు. పైలట్‌కి ఇక విప్పి చెప్పాల్సింది ఏమీ లేదు. రంగులు పోల్చే చూపు లేదని తేలి ఏడ్చుకుంటూ ఇంటికి వెళ్ళినవాళ్ళని ఆయన ఎందరినో చూశారు.

కుర్చీలో కూలబడ్డారు. “అయితే ఆ రుమాళ్ళు...” అన్నారు.

“టీ మరకలనుకున్నాను బావా. ఒట్టు. నా కళ్ళ మూలంగానే పోయింది. మీరన్న దాంట్లో తప్పులేదు.”

ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. ఆ రోజు ఎన్నేసి మాటలన్నానో అన్నారు. నాలుగేళ్ళు నిన్ను రాక్షసుడనుకుంటూ బతికానన్నారు. మేస్త్రికి గుండె మీద బరువు దిగినట్టే ఉంది. మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఇక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. కానీ బావగారిది విచారణ చేసే బుద్ధి, ఒక తప్పు జరిగితే దాని మొదలు దాకా వెళ్ళే చదువు. నీళ్ళు తాగుతూ తాగుతూ ఆగిపోయారు. ఆ రుమాళ్ళు ఎవరు కొన్నారని అడిగారు.

“ఆవిడే. చలి మొదలైనప్పుడు ఆరు కొనుక్కొచ్చింది. ఏ రంగువని కూడా అడిగాను. మురికి కనబడని రంగులే అంది.”

“చిన్నప్పట్నుంచీ అది తెల్ల రుమాలు తప్ప ముట్టలేదు,” అన్నారు బావగారు నెమ్మదిగా. “పచ్చరంగు దానికి అసలు గిట్టదు కూడా.”

ఆ మాట అనకుండా ఉండాల్సిందని అన్న మరుక్షణమే ఆయనకి తెలిసింది. మేస్త్రి నిలబడ్డచోటే నిలబడి లెక్క వేసుకుంటున్నాడు. తెల్ల గుడ్డ మీద అయితే ఎంత గుడ్డివాడికైనా మరక కనబడుతుంది. కనబడితే అడుగుతాడు. అడిగితే ఆస్పత్రికి లాక్కెళ్తాడు. ఆమెకి భయమేసిందో, మొగుడికి ఉద్యోగం ఏడాదే మిగిలింది కదా ఇప్పుడు కంగారు పెట్టడం ఎందుకనుకుందో, ఎవరికి తెలుసు? ఈ ప్రపంచంలో ఆయన కళ్ళకి ఏది అందదో తెలిసినది ఆమె ఒక్కతే. దుకాణానికి వెళ్ళి ఆ రంగే చూసి చూసి ఎంచుకుంది. వాటిని తన చేత్తోనే ఆయన చేతికిచ్చి ఉతకమంది.

నాలుగేళ్ళుగా తన మీద తనకున్న కోపమంతా ఎక్కడికి పోవాలో తెలియక మొదటిసారి ఆమె వైపు తిరిగింది. కోపం రాగానే ఆమె మీద ఇంత ప్రేమ ఉందా అనిపించింది, దానితో ఇంకా కోపం వచ్చింది.

“ముప్ఫై ఒక్క ఏళ్ళు అన్ని రంగులూ చెప్పింది బావా,” అన్నాడు. “ఇదొక్కటి నాకు చెప్పకుండా దాచుకోవాలని ఎలా అనిపించింది తనకి?”

మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోదామనుకుని వచ్చిన బావగారు, భుజానికున్న సంచి తీసి కింద పెట్టి అలాగే కూర్చున్నారు.